సి.పి. బ్రౌన్ గ్రంథాలయం, కడప

బ్రౌన్ బంగళా శిథిలాల చోట లేచిన గ్రంథాలయం; ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయానికి చెందిన సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం. ఆ బంగళాను శిథిలం చేసింది నిర్లక్ష్యం.

1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగానికి కడప వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884) తర్వాత ఇక్కడే బంగళా కొని, పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చాడు. వాళ్లు తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టి పాఠభేదాలు గుర్తించి, శుద్ధప్రతులు రాసేవారు. ఆ ప్రతులు మద్రాసు చేరాయి. బంగళా మొండిగోడలుగా మిగిలింది.

రచయిత జానుమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో, ఊరూరా పోగైన విరాళాలతో ఆ స్థలంలో కొత్త భవనం వచ్చింది. ఇది ఒక మనిషి మొండితనమూ ఎందరో దాతల చేయూతా కలిసి సాధించిన విజయం. పాత ప్రతులు తిరిగి రాకున్నా, కొత్త పుస్తకాలూ తాళపత్రాలూ చేరాయి. కంపెనీ సర్వేయరు మెకంజీ సేకరించిన కడప జిల్లా కైఫీయతులను, అంటే స్థానిక చరిత్రలను, కేంద్రం అచ్చువేసింది. జమ్మలమడుగు ప్రాంతపు గ్రామచరిత్రలు వాటిలో ఉన్నాయి.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఇళ్లలో అటకల మీద తాటాకు కట్టలుంటే, చెదలు పట్టకముందే ఈ కేంద్రానికి అందజేయండి.