ఆర్కిటిక్‌లో హైదరాబాదు: అరే అమరిక పుట్టుపూర్వోత్తరాలు

హైదరాబాదు 78.47, 17.36. విజయవాడ 80.65, 16.51. విశాఖపట్నం 83.22, 17.69. ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం. ఈ మూడింటినీ పట్టికగా, అంటే అరేగా, పేర్చి బిందువులు గీయమని ప్రోగ్రాముకిస్తే ఒక్కోసారి హైదరాబాదు ఆర్కిటిక్ సముద్రంలో, ఉషకోవ్ దీవి దాపున తేలుతుంది. విశాఖపట్నం ఆఫ్రికాలోని చాద్ ఎడారికి పోతుంది. విజయవాడ మాత్రం విశాఖకు కాస్త దక్షిణంగా బంగాళాఖాతంలో పడుతుంది. నన్నడిగితే అన్నిటికన్నా ప్రమాదం ఈ చివరిదే. మొదటి రెండూ మ్యాపు తెరవగానే దొరికిపోతాయి. దీన్ని ఏ ఓడో అనుకుని వదిలేస్తాం.

ఇంతా చేసి అంకె ఒక్కటీ మారలేదు. మెమరీలో అడ్డు వరుసలూ నిలువు వరుసలూ ఉండవు, ఒకటే బారు. రేఖాంశాలన్నీ ముందు, అక్షాంశాలన్నీ వెనక పెడితే ఆ బారు ఇలా ఉంటుంది: 78.47, 80.65, 83.22, 17.36, 16.51, 17.69. చదివేవాడు రెండేసి చొప్పున తీసుకుంటూ పోతే మొదటి జత 78.47, 80.65. అదే ఆర్కిటిక్.

నిలువు వరుసలను ఒకదాని వెనక ఒకటి పేర్చే పద్ధతి 1957 నాటి ఫోర్ట్రాన్‌ది. జాన్ బ్యాకస్ బృందం దాన్ని ఐబీఎం 704 యంత్రం కోసం రాసింది. ఆ యంత్రంలో చిరునామాలు లెక్కగట్టే ఇండెక్స్ రిజిస్టర్లు మూడే; తొలి ఫోర్ట్రాన్ అరేలకూ మూడు కొలతలే హద్దు. పైగా ఆ రిజిస్టర్లలోని విలువను చిరునామాకు కలపరు, అందులోంచి తీసేస్తారు. అందుకని తొలి ఫోర్ట్రాన్ అరేలను మెమరీలో పై చిరునామా నుంచి కిందికి, వెనక్కి పేర్చేది. ఆ వెనక నడక తర్వాత పోయింది కానీ నిలువు పేర్పు నిలిచిపోయింది. లీనియర్ ఆల్జీబ్రా లైబ్రరీ ల్యాపాక్, గణిత సాఫ్ట్‌వేర్ మ్యాట్‌ల్యాబ్ ఇప్పటికీ ఆ దారినే నడుస్తున్నాయి.

దీనికి భిన్నంగా, 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ తయారుచేసిన సీ భాషలో రెండు కొలతల అరే అంటే అరేల అరే. కాబట్టి ఒక అడ్డు వరుస పూర్తయ్యాకే రెండోది మొదలవుతుంది.

పైథాన్ ఈ రెండిటికీ చోటిచ్చింది. 1995లో జిమ్ హ్యూగునిన్ రాసిన అరే లైబ్రరీ న్యూమెరిక్, దాని వారసుడిగా ట్రావిస్ ఓలిఫాంట్ తెచ్చిన నమ్‌పై (2006లో 1.0 వెర్షన్) అరేతో పాటు స్ట్రైడ్స్ అనే చిన్న లెక్క పెట్టుకుంటాయి: పక్క గడికి ఎన్ని బైట్లు, కింది గడికి ఎన్ని బైట్లు అని. మన మూడు ఊళ్ల పట్టికకు (ఒక్కో సంఖ్యకు 8 బైట్లు) సీ అమరికలో కిందికి 16, పక్కకు 8. ఫోర్ట్రాన్ అమరికలో కిందికి 8, పక్కకు 24. పట్టికను తిప్పెయ్యాలంటే ఈ అంకెలనూ వరుసల లెక్కనూ తారుమారు చేస్తే చాలు, డేటా కదలదు. మంచి ఎత్తే. కాకపోతే దాని వల్లే ఫోర్ట్రాన్ అమరిక మనం అడక్కుండానే వచ్చి కూర్చుంటుంది. పాండాస్ పట్టికలోంచి రెండు నిలువు వరుసలు లాగినా తరచూ అదే వస్తుంది.

ఇక ఈ అరేలను బిందువులుగా చదివే జ్యామితి వైపు. కెనడాలో మార్టిన్ డేవిస్ జావాలో రాసిన జ్యామితి లైబ్రరీ జేటీఎస్‌ను సీ ప్లస్ ప్లస్‌లోకి దించితే జియోస్ అయింది. దాన్ని పైథాన్‌కు అందించినది షాన్ గిల్లీస్ 2007లో మొదలుపెట్టిన షేప్లీ. జియోస్‌కు తెలిసినవి 8 బైట్ల దశాంశ సంఖ్యలు, అంటే డబుల్స్ (నమ్‌పైలో ఫ్లోట్64). మధ్యలో ఎవరైనా స్ట్రైడ్స్‌నూ టైపునూ పక్కనపెట్టి మెమరీ చిరునామా ఒక్కటే చేరవేస్తే చిక్కే. పూర్ణాంకం 78 బిట్లను డబుల్‌గా చదివితే, దశాంశ బిందువు తర్వాత 321 సున్నాలు దాటాక గానీ తొలి అంకె కనపడదు. ఆ బిందువు గినియా సింధుశాఖలో సున్నా-సున్నా దగ్గర, గమ్మత్తుగా నల్ ఐలాండ్ అని పిలిచే చోట తేలుతుంది.

2022 డిసెంబరులో జియోస్‌ను నమ్‌పై అరేలకు అందించే పైజియోస్‌ను కలుపుకుని వచ్చిన షేప్లీ 2.0 అరేలను చదివే పనిని నమ్‌పై యూఫంక్‌లకు (అరేలోని గడులన్నిటి మీదా నడిచే ఫంక్షన్లకు) అప్పగించింది. అవి స్ట్రైడ్స్ చూసే నడుస్తాయి, పూర్ణాంకాలను డబుల్స్‌గా మారుస్తాయి. ఒక్క గడిలో అక్షరాలుండి అరే మొత్తం ఆబ్జెక్ట్ టైపుకు మారిపోతే టైప్‌ఎర్రర్ ఇచ్చి ఆగిపోతాయి. తప్పు బిందువు కన్నా ఆ ఎర్రరే నయం. పాత కోడ్‌తో వేగేవాళ్లు ముందు అరే డీటైపు (గడుల టైపు), ఫ్లాగ్స్ (మెమరీ అమరిక వివరాలు) ప్రింట్ చేసి చూసుకుని, అనుమానముంటే యాజ్‌కంటిగ్యుయస్‌అరేతో ఫ్లోట్64గా మార్చుకుంటే సరిపోతుంది.

ఫ్లోట్32గా వచ్చిన డేటా సంగతి వేరు. హైదరాబాదు రేఖాంశం దగ్గర అందులో పక్కపక్క విలువల మధ్య ఎడం సుమారు 80 సెంటీమీటర్లు. దాన్ని ఫ్లోట్64లోకి మార్చినా పోయిన అంకెలు తిరిగి రావు. ఫైలును మొదటి నుంచీ ఫ్లోట్64గా చదువుకోవాల్సిందే.