కత్తి జారవిడిచిన చేయి

స్పెయిన్‌లోని హయెన్ పట్టణం, ఎద్దుల పోరు బరి. గుర్రం మీదున్న కొంచితా సింత్రోన్, పోటీ పెద్ద కూర్చున్న చోటికి వెళ్లి, కిందికి దిగి పోరాడతానని అనుమతి అడిగింది. కుదరదన్నారు. ఆడది నేల మీద నిలబడి ఎద్దుతో తలపడకూడదన్నది అప్పటి నిషేధం. గుర్రం మీదైతే సరే.

ఆమె వెనక్కి వచ్చి గుర్రం దిగింది. కుర్ర యోధుడి దగ్గర కత్తి, ఎర్రగుడ్డ అందుకుంది. ఎద్దును ఒడుపుగా తిప్పింది. చంపాల్సిన ఘడియ రాగానే కత్తిని ఇసుకలోకి జారవిడిచింది. మీదికి దూసుకొచ్చిన ఎద్దు భుజాన్ని, కత్తి దిగాల్సిన చోటే, వేళ్లతో తాకింది. ఆమెను అరెస్టు చేశారు. జనం గోల చేసి విడిపించారు.

కొంచితా 1922లో చిలీలో పుట్టింది, పెరూ రాజధాని లిమాలో పెరిగింది. పోర్చుగీసు గురువు రుయ్ ద కామరా దగ్గర స్వారీ నేర్చి, పదిహేనేళ్ల ప్రాయానికే బరిలో నిలిచింది. మెక్సికోలోని గ్వాదలహారాలో కొమ్ము తొడలో దిగితే, వైద్యుల చేతులు విదిలించుకుని తిరిగొచ్చి, పోరు ముగించాకే స్పృహ తప్పింది. ఆమె చేతిలో 750కి పైగా ఎద్దులు నేలకొరిగాయి.

స్పెయిన్ మహిళలను 1908లో ఆపింది, 1934లో రానిచ్చింది, అంతర్యుద్ధం తర్వాత మళ్లీ ఆపింది. 1974లో ఆ నిషేధం తొలగేసరికి కొంచితా బరిని వదిలి చాలా కాలమైంది. 2009లో లిస్బన్‌లో కన్నుమూసింది.

ఇక తమిళనాడులోని కోవిల్‌పట్టి, విరుదునగర్ నల్లరేగడి పల్లెల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగువాళ్లకు ఎద్దును చంపే ఆట మింగుడుపడదు. అక్కడ ఎద్దు అరక దున్నుతుంది, బండి పందెంలో పరుగెత్తుతుంది. జల్లికట్టులోనూ మూపురం పట్టుకుని వేలాడటమే వీరత్వం. ఆట అయ్యాక ఎద్దు ఇల్లు చేరాలి. కొమ్ములకు జంకేవాణ్ని గొల్లపిల్ల మనువాడదని ప్రాచీన కావ్యం కలిత్తొగై చెబుతుంది. అంటే అప్పటి నుంచీ బరి మగవాడిదే, ఆడదాని వంతు చూడటమే.

కానీ పత్తిగింజలు నానబెట్టి రుబ్బి తొట్టిలో పోసేది, పొంగలినాడు కొమ్ములకు పసుపు రాసేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే. కొమ్ములు విసిరే గిత్త ఆ చేతి కింద తల వంచుతుంది. ఆ దగ్గరితనం ధైర్యం లేకుండా రాదు. దాన్ని మనం ఏనాడూ పరాక్రమంగా లెక్క కట్టలేదు.

వందలాది ఎద్దులను పడగొట్టిన కొంచితాను లోకం ఈనాటికీ తలుచుకునేది ఆమె చంపకుండా తాకిన ఆ ఒక్క ఎద్దుతోనే.