శేషాచలం అడవుల్లో నడక, విడిది: పుదుచ్చేరి వాసులు తెలుసుకోవలసిన విషయాలు

ముదలియార్‌పేట సముద్రతీరపు మైదానంలో ఉంది. అక్కడి తెలుగు కుటుంబాలు కొండ అడవిలో నడవాలనుకుంటే పుదుచ్చేరి దాటి వెళ్లవలసిందే. తిరుపతికి నేరుగా రైలు ఉన్నందున వారు సులభంగా చేరగలిగినది శేషాచలం కొండల్లోని శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం.

సుమారు 353 చదరపు కిలోమీటర్ల ఈ అడవిని 1989లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. ఇది 2010లో ఏర్పడిన శేషాచలం బయోస్ఫియర్ రిజర్వులో భాగం. ప్రపంచంలో ఎర్రచందనం సహజంగా పెరిగే కొద్ది ప్రాంతాల్లో ఇదొకటి. చిరుత, ఎలుగుబంటి, దేవాంగపిల్లి, రాతి సందుల్లో దాగే బంగారు బల్లి ఇక్కడి జీవులు.

అమెరికాలోని జాతీయ అరణ్యాల్లో చాలాచోట్ల నచ్చిన తావున గుడారం వేసుకోవచ్చు. అక్కడి బంధువులు పంపిన ఫొటోలు చూసి ఇక్కడా అదే వీలుంటుందని భావించడం పొరపాటు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ ఉద్యానంలోకి సందర్శకులు అనుమతితోనే ప్రవేశించాలి. ఆ అనుమతి లేకుండా అడవిలో రాత్రి గడపరాదు. నిప్పు రాజేయడం, ఆయుధాలు తీసుకువెళ్లడం నిషిద్ధం. ఎర్రచందనం దొంగల కోసం గస్తీ సాగే ఈ కొండల్లో అనుమతి లేని బృందం రాత్రివేళ తిరగడం మరింత ప్రమాదకరం. కనుక విడిదికి అటవీ, పర్యాటక శాఖల వసతి గృహాలనే ఆశ్రయించాలి.

మొదటిసారి వెళ్లేవారికి తలకోన అనువైనది. తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా రోడ్డుమార్గం ఉంది. సిద్ధేశ్వరస్వామి ఆలయం దాటి చెట్ల నీడలో నడిస్తే సుమారు 270 అడుగుల జలపాతం కనిపిస్తుంది. చెట్ల మీదుగా పాకిపోయిన గిల్లతీగ ఇక్కడి ప్రత్యేకత. ఈశాన్య రుతుపవనాల వానల తర్వాత నీరు నిండుగా ఉంటుంది. రాళ్లు జారేదీ అప్పుడే.

కొండ నడక తెలుగువారికి కొత్త కాదు. తిరుమలలో పాపవినాశనం దాటి అడవిలోకి సాగే తుంబురు తీర్థ ముక్కోటి ఏటా ఫాల్గుణ పౌర్ణమికి జరుగుతుంది. సాధారణ దినాల్లో తెరవని ఆ దారిలో భక్తులు బృందాలుగా నడుస్తారు. దేవస్థానం తాగునీరు, అన్నప్రసాదం ఏర్పాటు చేస్తుంది. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు రావద్దని ముందుగానే హెచ్చరిస్తుంది. ఇంత క్రమశిక్షణతో సాగే నడక నిజానికి ఏ సాహస యాత్రకూ తీసిపోదు.

అయినా అడవి అడవే. 2023 ఆగస్టులో అలిపిరి కాలిబాటపై చిరుత దాడిలో ఆరేళ్ల బాలిక మరణించింది. రోజూ వేలాదిమంది ఎక్కే మెట్లదారి అది. ఆ తర్వాత మధ్యాహ్నం దాటాక పిల్లలను ఆ దారిలో అనుమతించకుండా ఆంక్షలు విధించారు. పిల్లలతో వెళ్లేవారు అప్పటికి అమలులో ఉన్న వేళలను ముందే విచారించి, వారిని పెద్దల మధ్యనే నడిపించాలి.

వేసవిలో ముప్పు మరో రూపంలో వస్తుంది. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో ఎండుగడ్డికి నిప్పంటుకుని 20 మందికి పైగా పర్వతారోహకులు ప్రాణాలు కోల్పోయారు. వారు అనుమతి లేని మార్గంలో వెళ్లారని అప్పటి ప్రభుత్వం ప్రకటించింది. కార్చిచ్చు గాలి తోడైతే మనిషి పరుగుకన్నా వేగంగా ఎగబాకుతుంది. వాలుపై ఉన్నవారికి తప్పించుకునే దారి మిగలదు. అనుమతి ఉన్నప్పుడు బృందంలో ఎందరున్నారో, ఏ దారిన వెళ్లారో అటవీ సిబ్బందికి తెలుస్తుంది. రక్షణ బృందం వెదకవలసిన చోటు ఆ వివరాలతోనే తేలుతుంది.

ఫిబ్రవరి నుంచి మే వరకు నడక మానుకోవడం మేలు. నవంబరు నుంచి జనవరి వరకు వెళ్లేవారు వాన సూచన చూసుకోవాలి. పట్టు ఉన్న బూట్లు, టార్చి, తగినంత తాగునీరు వెంట ఉండాలి. లోయల్లో సెల్‌ఫోన్ సంకేతాలు అందవు. ఏ దారిన వెళుతున్నదీ, ఎప్పటికి తిరిగి వచ్చేదీ బయలుదేరే ముందే ఇంట్లో చెప్పి వెళ్లాలి.