పింఛను పైకము – ఎన్నుకొను హక్కు



మన తాతలనాడు సర్కారు కొలువులో నున్న గుమాస్తాను బిలిచి, నీ పింఛను పైకమును ఎచ్చట మదుపు పెట్టుచున్నారని యెవరైన నడిగియుండిన, అతడు నవ్వియుండును. ప్రత్యేకముగా నట్టి పైకమే లేదు. పింఛననునది సర్కారువారి మాట. దానిని నిలుపుకొను భారమును వారిదే. 1871 సంవత్సరపు చట్టము పింఛను తగవులను సాధారణముగా సివిలు కోర్టుల కెక్కనీయలేదు. 1982 డిసెంబరు 17వ తేదీన నకారా వ్యాజ్యమున సుప్రీముకోర్టు, పింఛను యజమాని దయచే నిచ్చు బహుమానము గాదనియు, ఉద్యోగి తన సేవచే నార్జించుకొన్న హక్కనియు తీర్పు చెప్పినది.

హక్కు స్థిరపడిన యిరువది యేండ్లకే దాని స్వరూపము మారినది. ఆయుర్దాయము పెరిగి, పింఛనుల వ్యయము ఏటేట హెచ్చుచుండుటచే, 2004 జనవరి 1 మొదలు కేంద్రప్రభుత్వ కొలువున జేరినవారికి, సైనికులకు దక్క, నూతన పద్ధతి వర్తించినది. ఆంధ్రప్రదేశమున అదే సంవత్సరము సెప్టెంబరు 1 నుండి అమలయ్యెను. ఉద్యోగి తన జీతములోను కరువుభత్యములోను నూటికి 10 వంతులు చెల్లింపవలెను. నాడు ప్రభుత్వమును అంతే చేర్చెడిది. ఇందు నిర్ణయమైనది చందాయే కాని, చేతికి వచ్చు పింఛను గాదు. లాభమైనను నష్టమైనను ఉద్యోగిదే.

భారము మారినపుడు అధికారమును మారవలదా? నిజమునకు ఎంపిక యను ఆలోచన పింఛను లేని కూలీలను, చిల్లర వర్తకులను ఉద్దేశించి పుట్టినది. 1998లో ఎస్. ఎ. దవే అధ్యక్షతన నేర్పడిన సంఘము వారికి పలువిధములైన మదుపు మార్గములుండవలెనని సూచించెను. 2009 మే 1న ఈ పద్ధతి పౌరులందరికిని తెరువబడినపుడు, కంపెనీల వాటాలు, కంపెనీల ఋణపత్రములు, ప్రభుత్వ ఋణపత్రములు అను మూడింటిలో తమ పైకమును పంచుకొను వీలు గలిగినది. నాడు వాటాలకు సగమునకు మించి పోరాదు. ఎన్నుకొనజాలనివారికి వయస్సునుబట్టి నడచు ఏర్పాటొకటి చేసిరి: 35 ఏండ్లవరకు వాటాలు నూటికి 50, పిదప ఏటేట తగ్గి 55వ యేట 10.

ఈ తగ్గుదల యేల? బొంబాయి వాటాల సూచి 2008 జనవరిలో 20,000 దాటి, అక్టోబరు చివర 9,000కు దిగువ బడినది. 2010 సెప్టెంబరున మరల 20,000 దాటినది. ముప్పది యేండ్లవాడు ఆ రెండేండ్లు ఓర్చుకొనగలడు. ఆ అక్టోబరుననే కొలువు విరమించినవాడు ఓర్చుకొనలేడు. అట్లని పడుచువాడు సర్వమును ప్రభుత్వ పత్రములలో నుంచుటయు క్షేమము గాదు. ముప్పది యేండ్లలో బియ్యపు ధర పెరిగినంతగా పైకము పెరుగకున్న, దాచినది దాచినట్లే యుండియు చాలకపోవును.

చిత్రమేమన, చందా నిర్బంధముగా చెల్లించుచున్న ప్రభుత్వోద్యోగికి ఈ స్వాతంత్ర్యము ఆలస్యముగా లభించినది. అతని పైకమును ప్రభుత్వరంగ సంస్థలు మూడు నిర్వహించుచుండెను. నాడు వాటాలు నూటికి 15కు మించకుండెను. 2019 ఏప్రిలు 1 నుండి కేంద్రోద్యోగి పాత యేర్పాటునందే యుండవచ్చును, అంతయు ప్రభుత్వ పత్రములలో నుంచవచ్చును, లేక వాటాలు 25తోనో 50తోనో ఆరంభమై వయస్సుతో తగ్గు మార్గములలో నొకదానిని బట్టవచ్చును. నాటినుండియే ప్రభుత్వపు చందా 14 వంతులైనది. 2025 ఏప్రిలు 1న మరియొక ద్వారము తెరువబడినది: కోరుకొన్న కేంద్రోద్యోగికి, 25 ఏండ్ల సేవ పూర్తియైనచో, తుది 12 నెలల మూలవేతనపు సగటులో సగము పింఛనుగా నిత్తుమను హామీ. మాటనుండి చందాకు నడచిన చరిత్ర, చందాను విడువకయే మరల మాటవైపు మొగమును త్రిప్పినది.

కావున చందాదారులారా, మీరేమియు ఎన్నుకొనకున్నను మీ పైకము ఊరక యుండదు. మీ కొఱకు మఱియొకరు ఎన్నుకొన్న మార్గమున నది నడచుచునే యుండును. అది యే మార్గమో నేడే కనుగొనుడు. మీ వయస్సునకు దగినదైన నుండనిండు, కానిచో మార్చుకొనుడు.