స్క్రూ తిప్పితే మారే ల్యాప్‌టాప్

భాగాలు ఊడదీసి మార్చుకునే ల్యాప్‌టాప్ నిన్నమొన్నటి ముచ్చట అనిపిస్తుంది గానీ, 1990లలో అది మామూలు సంగతే. 1998 నాటి ఆపిల్ పవర్‌బుక్ జీ3కి అటూ ఇటూ రెండు అరలుండేవి. సీడీతో పని లేదనుకుంటే డ్రైవు లాగేసి, ఆ చోట రెండో బ్యాటరీ తోసేయడమే. ఐబీఎం థింక్‌ప్యాడ్లలో అల్ట్రాబే చేసిన పనీ ఇలాంటిదే.

చిక్కల్లా అర కొలతలతోనే. ఒక కంపెనీ డ్రైవు ఇంకో కంపెనీ అరలో పట్టదు. 1997లో ఇంటెల్ ప్రాసెసర్‌ను మరికొన్ని చిప్‌లతో కలిపి, 280 పిన్నుల చిన్న బోర్డుగా అమ్మింది. అది తీసి కొత్తది పెట్టుకోవచ్చని ఎవరైనా ఆశపడి ఉంటే, ఆ వెనకే 400 పిన్నుల కనెక్టర్ వచ్చి ఆ ఆశ మీద నీళ్లు చల్లింది.

నిలిచింది మాత్రం ఏ ఒక్కరి సొత్తూ కానిది. 1989లో ఏర్పడ్డ పీసీఎంసీఐఏ అనే పరిశ్రమ సంఘం క్రెడిట్ కార్డంత పొడవు వెడల్పుల్లో ఒక కార్డుకు కొలతలు ఖాయం చేసింది. మొదట మెమరీ కోసమే అనుకున్న ఆ కార్డు చీలికలోకి మోడెమ్, నెట్‌వర్క్, చివరికి వైఫై కూడా దూరాయి. కంపెనీ ఏదన్న పట్టింపు పెద్దగా లేకపోయింది.

తర్వాత సన్నదనం మోజు పట్టుకుంది. 2008 మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేశారు. 2012 రెటీనా మ్యాక్‌బుక్ ప్రోలో బ్యాటరీని కూడా జిగురుతో అంటించారు. విప్పి చూసిన మరమ్మతుల సైటు ఐఫిక్సిట్, మరమ్మతు సౌలభ్యానికి పదికి ఒక్క మార్కు వేసింది. అయినా జనం కొన్నారు. తప్పంతా కంపెనీలదే అంటే కుదరదు.

వీఆర్ హెడ్‌సెట్ల కంపెనీ ఆక్యులస్‌లో పనిచేసిన నీరవ్ పటేల్ స్థాపించిన ఫ్రేమ్‌వర్క్ 2021లో తన మొదటి ల్యాప్‌టాప్ తెచ్చింది. స్క్రూడ్రైవర్ పెట్టెలోనే వస్తుంది. హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ లాంటి పోర్టులన్నీ చిన్న డబ్బీలు. కావలసిన నాలుగింటిని పక్కల్లో అమర్చుకోవచ్చు. ఆ డబ్బీల వెనక ఉన్నది అందరూ వాడే యూఎస్‌బీ-సీయే. సొంత కనెక్టర్ కనిపెట్టే సరదాకు పోకపోవడంలోనే ఉంది దాని తెలివంతా. 2022లో 12వ తరం ఇంటెల్ బోర్డు, 2023లో ఏఎండీ బోర్డు అదే పాత చట్రంలో కూర్చున్నాయి. ఏఎండీకి మారినవాళ్లు ర్యామ్ కొత్తగా కొనక తప్పలేదు. తీసేసిన పాత బోర్డును విడి కంప్యూటర్‌గా నడుపుకోవడానికి కంపెనీ నమూనాలు కూడా బయటపెట్టింది.

ప్రాసెసర్ మాత్రం ఇప్పటికీ బోర్డుకు అతుక్కునే ఉంది. 2025లో ఇదే కంపెనీ తెచ్చిన డెస్క్‌టాప్‌లో, చిప్ వేగం కోసమంటూ ర్యామ్‌నూ సోల్డర్ చేశారు. మరోపక్క డెల్ 2022లో సొంతంగా మొదలుపెట్టిన క్యామ్ మెమరీని 2023లో జెడెక్ సంస్థ అందరి ప్రమాణంగా మార్చింది. ఆ కోవకే చెందిన, స్క్రూలతో బిగించే ఎల్‌పీక్యామ్2 ర్యామ్ 2024లో లెనోవో థింక్‌ప్యాడ్ పీ1లోకి వచ్చేసింది.