బడిలో పెరిగిన తెలుగు నాటకం

తెలుగునాట బడిపిల్లల పండుగ ప్రదర్శనల్లో బాగా పాతది దసరా. వీధిబడుల కాలంలో నవరాత్రులు వచ్చాయంటే పిల్లలు కొత్తబట్టలు కట్టుకుని, రంగుకాగితాలు అతికించిన విల్లంబులు పట్టుకుని అయ్యవారి వెంట ఇంటింటికీ బయలుదేరేవారు. ప్రతి వాకిట్లో నిలబడి గొంతు కలిపి దసరా పద్యాలు పాడేవారు. బుక్కా గులాలు, పూలు చల్లేవారు. ఇంటివారు పిల్లలకు పప్పుబెల్లాలు పంచి, అయ్యవారికి కానుక ముట్టజెప్పేవారు. జీతం అంతంతమాత్రంగా ఉన్న బడిపంతులుకు ఏడాదిలో అదొక ఆసరా. నలుగురిలో బెరుకు లేకుండా నోరు విప్పడం పిల్లలకు అక్కడే అలవడేది.

ఆధునిక నాటకాన్ని రంగస్థలం ఎక్కించిందీ ఉపాధ్యాయులూ విద్యార్థులే. కోరాడ రామచంద్రశాస్త్రి 'మంజరీ మధుకరీయం' 1860 ప్రాంతంలోనే రాసినా అది ప్రదర్శనకు నోచుకోలేదు. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమహేంద్రవరం వచ్చి నాటకాలాడి వెళ్లింది. అప్పుడక్కడ తెలుగు బోధిస్తున్న కందుకూరి వీరేశలింగం, ఆ సమాజం వేసుకున్న పాకల్లోనే తన విద్యార్థులతో నాటకాలు ఆడించారు. షేక్‌స్పియర్ 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'కు ఆయన తెలుగుసేత 'చమత్కార రత్నావళి' వాటిలో ఒకటి. ప్లీడర్ల మోసాలను, కోర్టుల్లో లంచగొండితనాన్ని ఎండగట్టిన 'వ్యవహార ధర్మబోధిని'ని కూడా ఆ ఏడే విద్యార్థులు ప్రదర్శించారు. ఊరి పెద్దల తప్పులను పిల్లల నోట ఊరివాళ్లకే వినిపించడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు.

తర్వాతి తరాల్లోనూ గురువుల చలవే నాటకాన్ని నిలబెట్టింది. ఒంగోలు మిషన్ స్కూలు ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు నాటకాలంటే ప్రాణం పెట్టేవారు. తన శిష్యుడు టంగుటూరి ప్రకాశాన్ని చదివిస్తూ, వేషాలు కట్టిస్తూ, రాజమహేంద్రవరానికీ వెంట తీసుకెళ్లారు. ఆ కుర్రాడే తర్వాత ఆంధ్రకేసరి అయ్యాడు. 'పాండవోద్యోగ విజయాలు' రాసిన తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులు. ఆయన శిష్యుడు విశ్వనాథ సత్యనారాయణ బెజవాడ కాలేజీలో పాఠాలు చెబుతూ, 'రాచమల్లుని దౌత్యం'లో నాగమ్మ వేషం ఒక విద్యార్థికిచ్చారు. మీసం తీయనని పట్టుబట్టి, అలాగే రంగమెక్కి 'మీసాల నాగమ్మ' అనిపించుకున్న ఆ విద్యార్థి నందమూరి తారకరామారావు.

హైస్కూళ్లు పెరిగాక నాటకానికి బడి క్యాలెండరులో చోటు దొరికింది. ఆగస్టు 15, జనవరి 26, బాలల దినోత్సవం, అన్నింటికీ మించి వార్షికోత్సవం. తెలుగు మాస్టారు నాటకం ఎంచి పాత్రలు పంచేవారు. డ్రాయింగు మాస్టారు తెరలు, కిరీటాలు చూసుకునేవారు. బల్లలు జతచేస్తే వేదిక, దుప్పట్లు కడితే తెర. కరెంటు లేని ఊళ్లలో పెట్రోమాక్స్ లైట్లే వెలుగు. డబ్బుంటే అద్దె దుస్తులు, హార్మోనిస్టు. లేకుంటే అమ్మ పట్టుచీర, అట్టకు వెండికాగితం అంటించిన గద. ఆడవేషాలు చాలాకాలం మగపిల్లలే కట్టారు.

పూర్తి నాటకానికి వీలులేని చోట ఏకపాత్రాభినయం ఆదుకుంది. 'అల్లూరి సీతారామరాజు' (1974), 'దానవీరశూరకర్ణ' (1977) సినిమాలు వచ్చాక వార్షికోత్సవాల్లో సీతారామరాజు గర్జన, దుర్యోధనుడి మయసభ మాటలు మారుమోగాయి. అంత పొడుగు సమాసాలను ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలిసి పలికిన పిల్లవాడికి, వ్యాకరణం పుస్తకం చెప్పలేని తెలుగు నోటికి వచ్చేది.

ఇప్పుడు చాలా బడుల్లో ఆ చోటును రికార్డు పాటల డాన్సులు తీసుకున్నాయి. మార్కుల పరుగులో రిహార్సళ్లకు తీరిక చిక్కడం లేదు. 9 నుంచి 12 తరగతుల వారికోసం కేంద్ర విద్యాశాఖ 2015లో 'కళా ఉత్సవ్' ప్రారంభించినా, పోటీకి వెళ్లేది ఎంపికైన కొందరే. బడిలో ఆడే నాటకంలో మాత్రం తెర లాగేవాడి నుంచి మాట అందించేవాడి దాకా అందరికీ పని ఉంటుంది. కందుకూరి పుట్టినరోజైన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ప్రతి హైస్కూలూ ఏడాదికి ఒక్క నాటకమైనా తన పిల్లలతో, తన మాస్టార్లతో ఆడించాలి. ఆయనకు అంతకు మించిన నివాళి లేదు.