జడ్జి ఎవరైతే మనకేంటి?

ఎన్నికలొస్తే మన యానాంలో రోడ్ల గురించి, ఇళ్ల పట్టాల గురించి, పింఛన్ల గురించి మాట్లాడుకుంటాం. గోదావరి వరదప్పుడు ఎవరొచ్చి చూశారో గుర్తు చేసుకుంటాం. జడ్జీలను ఎవరు నియమిస్తారని మాత్రం ఎవరూ అడగరు.

అమెరికాలో అలా కాదు. అక్కడ సుప్రీంకోర్టు జడ్జిని అధ్యక్షుడు ఎంపిక చేస్తాడు, సెనేట్ ఆమోదిస్తుంది. ఆ జడ్జి జీవితాంతం పదవిలో ఉండొచ్చు. అందుకే సంప్రదాయవాదులూ ఉదారవాదులూ కోర్టును కూడా దృష్టిలో పెట్టుకుని ఓటేస్తారు. గర్భస్రావం హక్కుపై 1973లో ఇచ్చిన తీర్పును, కొత్త జడ్జీలు వచ్చాక 2022లో అదే కోర్టు కొట్టేసింది.

మన దేశంలోనూ ఇలాంటి గొడవ జరిగింది. ఆ కథ మన గోదావరి ప్రాంతపు పెద్దమనిషితోనే మొదలవుతుంది.

కోకా సుబ్బారావు గారు 1902లో రాజమండ్రిలో పుట్టారు. ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసు తీర్పు వచ్చింది. పంజాబ్‌లో ఒక కుటుంబం తమ భూమి కోసం వేసిన కేసు అది. ప్రాథమిక హక్కులను పార్లమెంటు రాజ్యాంగ సవరణతో కూడా తగ్గించకూడదని 11 మంది జడ్జీల్లో ఆయనతో కలిపి 6 మంది చెప్పారు. మిగతా 5 మంది ఒప్పుకోలేదు. అప్పట్లో ఆస్తి హక్కు కూడా ప్రాథమిక హక్కే. కాబట్టి ఎన్.జి.రంగా గారి స్వతంత్ర పార్టీ లాంటి వారికి ఈ తీర్పు బలమిచ్చింది. భూసంస్కరణలు కోరే వామపక్షాల వారికి అడ్డంగా కనిపించింది. ఒక్క జడ్జి అటు ఉంటే తీర్పే మారిపోయేది!

1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో ఆ నియమం మారింది. సవరణ చేయొచ్చు గానీ రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చకూడదని 13 మందిలో 7 మంది తేల్చారు. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన పి.జగన్మోహన్ రెడ్డి గారు ఆ 7 మందిలో ఒకరు. వెంటనే ఇందిరా గాంధీ ప్రభుత్వం షెలత్, హెగ్డే, గ్రోవర్ అనే ముగ్గురు సీనియర్లను పక్కనపెట్టి ఎ.ఎన్.రే గారిని ప్రధాన న్యాయమూర్తిని చేసింది. ఆ ముగ్గురూ ప్రభుత్వానికి నచ్చని తీర్పు ఇచ్చినవారే. ముగ్గురూ రాజీనామా చేశారు.

తర్వాత ఎమర్జెన్సీ వచ్చింది. జనసంఘ్ వాళ్లూ, మార్క్సిస్టులూ ఒకే జైళ్లలో ఉన్నారు. నిర్బంధాన్ని ప్రశ్నిస్తూ వాళ్లు కోర్టుకు రాలేరని 1976లో 5 మంది జడ్జీల్లో 4 మంది అన్నారు. కాదన్నది హెచ్.ఆర్.ఖన్నా గారొక్కరే. 1977లో ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనకు దక్కలేదు, జూనియర్‌కు ఇచ్చారు. కుడి, ఎడమ రెండు పక్షాల వారికీ ఆ రోజు కావలసింది ఒక్కటే, ఎవరికీ భయపడని జడ్జి.

ఇంకో విషయం చూడండి. మన బడి లాంటి మైనారిటీ విద్యాసంస్థలకు రాజ్యాంగం 30వ అధికరణ హక్కు ఇచ్చింది. 1974లో అహ్మదాబాద్ సెయింట్ జేవియర్స్ కాలేజీ కేసులో 9 మంది జడ్జీల ధర్మాసనం ఆ హక్కును నిలబెట్టింది. దానికి అధ్యక్షత వహించింది ఎవరో తెలుసా? అదే ఎ.ఎన్.రే గారు! అంటే ఎవరు నియమించారన్న దాన్ని బట్టి జడ్జి ప్రతి తీర్పునూ ముందే చెప్పేయలేం. అలాగని నియామకం ఎలా జరిగినా ఫర్వాలేదని కాదు. సీనియర్లను పక్కనపెడితే మిగతా జడ్జీలకు అది బెదిరింపులా ఉంటుంది.

1993 నుంచి సీనియర్ జడ్జీల కొలీజియమే పేర్లు సూచిస్తోంది. దాని బదులు పార్లమెంటు తెచ్చిన నియామకాల కమిషన్‌ను 2015లో సుప్రీంకోర్టు 4-1తో కొట్టేసింది. జడ్జీలే జడ్జీలను ఎంచుకోవడం, అదీ తలుపులు మూసుకుని, సరికాదని విమర్శ ఉంది. అందులో నిజం ఉందనే నేను అనుకుంటున్నాను. కానీ ప్రభుత్వం ఒక్కటే ఎంచుకుంటే ఏమవుతుందో 1973 మనకు చూపించింది.

మన యానాం కేసులు అప్పీలుకు మద్రాసు హైకోర్టుకు వెళ్తాయి. అక్కడ కూర్చునే జడ్జి మనవాడా కాదా అని కాదు మనం అడగాల్సింది. ఆయన్ను ఏ పద్ధతిలో ఎంచుకున్నారు, ఆయన స్వేచ్ఛగా తీర్పు చెప్పగలరా అని అడగాలి. మనకు ఓటు వచ్చేనాటికి ఈ ప్రశ్న కూడా మన జాబితాలో ఉండాలి.